టంకమ్మ చెవిన పడని మెరుపు

ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్సు మీద పనిచేసే మగవాళ్లకు చెవులకు పెట్టుకునే తొడుగులు ఇచ్చారు. అదే హాల్లో, అదే రేకుల కప్పు కింద, ప్రెస్సు నుంచి ఎగిరే నూనె తుంపర ఒళ్లో పడేంత దగ్గర్లో కూర్చుని తీగలు అతికే ఆడవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. ప్రెస్సు రేకు మీద పడినప్పుడల్లా వాళ్ల టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వణికేవి. ఒకసారి అడిగి చూశారు.

“మీది కూర్చుని చేసే పనమ్మా,” అన్నాడు సూపర్‌వైజరు నవ్వుతూ. “తొడుగులు ప్రెస్సు మీద పనిచేసేవాళ్లకి. మీరు ప్రెస్సు మీద పనిచేయట్లేదుగా?”

నిజమే, చేయట్లేదు. ప్రెస్సే వాళ్ల మీద పనిచేస్తోంది.

ఆ టేబుల్ చివర ఒకామె కూర్చునేది. తుడుచుకోవడానికి ఇచ్చిన దూదిలోంచి ఇంత పీకి, ఉండ చేసి, రెండు చెవుల్లోనూ కుక్కుకుని మళ్లీ పనిలో పడింది. జల్లెడ అడ్డం పెట్టి వాన ఆపినట్టే అది. అయినా యవ్వనమంతా ఆ దూది ఉండలతోనే గడిపింది. ఎవరినీ నిందించలేదు. అది అన్యాయమని అప్పట్లో ఆమెకు తోచనైనా లేదు. గట్టిగా అరిచే అన్యాయం కంటే అలవాటైపోయే అన్యాయమే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఆమెను అందరూ టంకమ్మ అంటారు. ఫ్యాక్టరీలో తక్కినవాళ్లు సోల్డరింగ్ అనే పనిని ఆమె మొదటినుంచీ టంకం అనే అనేది. వాళ్ల నాన్న చిల్లుపడ్డ బిందెలకూ చెంబులకూ మాట్లు వేసేవాడు. ఇంట్లో విన్న మాట అది, నాలుక మీద ఉండిపోయింది. టేబుల్ దగ్గరివాళ్లు మొదట ఎగతాళికి టంకమ్మ అన్నారు, తర్వాత ప్రేమగా అన్నారు. చివరికి కట్టుకున్నవాడూ అలాగే పిలవడం మొదలుపెట్టాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆ గొంతు కూడా ఇంజనులాగే తయారైంది. ఇంట్లో మంచినీళ్లు అడిగితే వీధి మొదట్లో ఎవరో ఆగి చూస్తారు.

కొన్నేళ్లకు ఆ టేబుల్ చేసే పని ఒక మిషను చేయడం మొదలుపెట్టింది. ఆడవాళ్లందరినీ ఇళ్లకు పంపేశారు. టంకమ్మ మాత్రం తన టంకం కడ్డీని చీరకొంగులో చుట్టుకుని తెచ్చుకుంది. ముందుగదిలో కిటికీ కింద ఒక బల్ల వేసుకుంది. మిక్సీలు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు వచ్చేవి. ఒకరోజు వాయిద్యాలమ్మే షాపాయన పాడైపోయిన ఆంప్లిఫయర్ ఒకటి తెచ్చాడు. అది బాగుచేసి ఇచ్చాక ఒక ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“అక్కా, ఇది మూతిముడుచుకుని కూర్చుంది. ఎంత మీటినా ధ్వని ముద్దగా, దుప్పటి కప్పుకున్నట్టు వస్తోంది. కొంచెం మెరుపు తెప్పించగలవా?”

ఆమె ముందు పలక ఊడదీసి లోపల చూసింది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి తీగ చుట్టిన, గిటార్ తీగల వణుకును పట్టే పికప్‌లు రెండు, ఒక వాల్యూమ్ కంట్రోలు, ఒక టోన్ కంట్రోలు, పెసరగింజంత కండెన్సర్ ఒకటి. “ఇంతేనా!” అంది. “చూడ్డానికి ఇంత షోకుగా ఉంది, కడుపులో చూస్తే నాలుగు తీగలు!”

నాలుగు తీగలే గానీ వాటి తగువు తేలడానికి చాలాకాలం పట్టింది. గిటార్ తీగ మీటగానే ముందుగా తళుక్కుమనే పైధ్వని ఒకటుంటుంది. వాయించేవాళ్లు దాన్నే మెరుపంటారు. కంట్రోళ్ల గుండా వెళ్లేటప్పుడు ఆ మెరుపు కొంచెం కొంచెంగా ఎర్త్ తీగలోకి జారిపోతుంది. అక్షరాలా నేలపాలవుతుంది. కంట్రోలు మార్చి ఎక్కువ ఓములది, అంటే ఎక్కువ అడ్డుపడేది, వేస్తే ఆ కారడం తగ్గుతుంది. టోన్ కంట్రోలును తప్పించేస్తే ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ ఆమె ఊడదీస్తూ, అతుకుతూ, మళ్లీ ఊడదీస్తూ తెలుసుకుంది. ఆమెకు ఒక్క పాట వాయించడం రాదు. తీగను వేలితో లాగి వదలడం మాత్రం వచ్చు. కొన్నాళ్లకు ఆమె చేతి గిటార్లకు పేరొచ్చింది. “టంకమ్మ దగ్గర పెట్టించావా?” అని వాయించేవాళ్లు ఒకరినొకరు అడిగేవారు.

ఆ ఇంటికి కోడలు వచ్చింది. వస్తూ వస్తూ నల్లటి సంచిలో తన గిటార్ కూడా తెచ్చుకుంది. పగలు బేకరీలో కౌంటరు దగ్గర పని. సాయంత్రాలు కాలనీ హాల్లో పిల్లలకు పాటలు నేర్పుతుంది. గిటార్ వాయించే కోడలు, గిటార్ బాగుచేసే అత్త. ఇంకేం, పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిపోతారని అందరూ అనుకున్నారు.

కలవలేదు.

ఆ పిల్లది సన్నని గొంతు. పైగా పెళ్లికి ముందు వాళ్లమ్మ నూరిపోసింది: “అత్తగారింట్లో గొంతు తగ్గించుకుని మాట్లాడు. గట్టిగా మాట్లాడితే పెంకిదంటారు.” ఉన్న సన్నని గొంతునే ఇంకా తగ్గించుకుని వచ్చిందా పిల్ల. వచ్చిన కొత్తలోనే ఒకరోజు వంటింట్లోంచి అంది:

“అత్తయ్యా, సబ్బు అయిపోయింది.”

“అప్పుడే అయిపోయిందా? మొన్ననేగా మీ ఇద్దరికీ జీతాలొచ్చాయి!” అంది టంకమ్మ తల ఎత్తకుండా.

కోడలి మొహం ఎర్రబడిపోయింది. సబ్బు అరిగితే జీతం లెక్క అడిగే అత్తగారు! మొగుడితో కూడా చెప్పుకోలేదు. మర్నాడు తనే సబ్బు కొనుక్కొచ్చి పెట్టింది.

ఇంకోరోజు “పాలు విరిగాయత్తయ్యా” అంటే, టంకమ్మ కుర్చీ తన్నేసి లేచి “కాలు విరిగిందా! ఎవరికి?” అని గుండెలు బాదుకుంటూ వచ్చింది. గిన్నెడు పాలకు ఇంత నాటకమా అని కోడలు బిక్కచచ్చిపోయింది. గిన్నె చూసి టంకమ్మ “ఓస్, పాలా” అని నవ్వింది. ఆ నవ్వు వెక్కిరింపులా వినిపించింది.

చాలాసార్లు మాత్రం జవాబే ఉండేది కాదు. “అత్తయ్యా, తలుపు వేయనా?” అంటే ఆ వీపు కదిలేది కాదు. అదే మావయ్య వాకిట్లోంచి “టంకమ్మా, టీ!” అంటే టక్కున లేచేది. మొగుడు మాట్లాడినా అంతే, వాడిదీ తండ్రి గొంతే. నా మాటలే పెడచెవిన పెడుతోంది అనుకుంది కోడలు. అవతల టంకమ్మ కూడా ఊరుకోలేదు. “ఆ పిల్ల నోట్లో నోట్లోనే గొణుక్కుంటుంది. నన్నేదో తిట్టుకుంటోందనుకుంటా,” అంది భర్తతో.

“తిట్టేదానిలా లేదే పాపం,” అన్నాడాయన.

“అయితే మీకు వినిపించేట్టు, నాకు వినిపించకుండా ఎందుకు మాట్లాడుతుంది?”

ఏడాది గడిచింది. ఇద్దరూ ఒకరి మంచం మీద ఒకరు దిండ్లు సర్దుతూనే ఉన్నారు, ఒకరి గ్లాసు ఒకరు కడుగుతూనే ఉన్నారు. మాట మాత్రం లేదు.

పిల్లల కచేరీ దగ్గర పడుతోంది. పిల్లలవి పిట్ట గొంతులు. గిటార్ మోత వాటిని మింగేయకుండా వాల్యూమ్ బాగా తగ్గించి వాయించాలి. తగ్గిస్తే ధ్వని ముద్దయిపోతోంది. కోడలు ఆలోచించి ఆలోచించి మావగారి దగ్గరకు వెళ్లింది.

“మావయ్యగారూ, అత్తయ్యగారికి ఓ మాట చెవిన వేస్తారా?”

“నువ్వే వెయ్యరాదటమ్మా? పక్కగదిలోనేగా ఉంది.”

“నేను వేస్తే పడట్లేదండీ.”

ఆయన కూర్చున్నచోటు నుంచే హారను కొట్టాడు. “టంకమ్మా! కోడలి గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ముద్దగా అయిపోతోందిట! పిల్లల పాటలకి కావాలిట! చూస్తావా?”

టంకమ్మ గడప దాకా వచ్చింది. “తనే అడిగిందా?”

“తనే.”

“నన్నే చూడమందా?”

“లేదు, ఎదురింటి కుక్కని చూడమంది. నువ్వు ఖాళీయేమోనని నేనడిగా!”

ఆమె వెళ్లి బల్ల మీది మిక్సీలూ రేడియోలూ అన్నీ తీసి కింద పెట్టింది. బట్టతో బల్ల తుడిచింది. ఆ నల్లసంచి జిప్పు తీస్తుంటే పసిపిల్ల ఉయ్యాల దుప్పటి తొలగిస్తున్నట్టు తీసింది. ఏడాదిలో ఆ పిల్ల తనను అడిగిన మొదటి కోరిక అది. కనీసం ఆమె అలా అనుకుంది.

తనకు తెలిసిందంతా ఆ గిటార్‌లో పెట్టింది. వాల్యూమ్ కంట్రోలు మార్చింది. టోన్ కంట్రోలు తీగను ఊడదీసి పక్కన పెట్టింది. ఇక వాల్యూమ్ తగ్గించినా మెరుపు చావకుండా ఉండాలంటే ఒక ఉపాయం ఉంది. వాల్యూమ్ కంట్రోలులోకి ధ్వని వచ్చే కాలికీ బయటికి పోయే కాలికీ మధ్య ఒక చిన్న కండెన్సర్ అతకాలి. దొడ్డిదారి అన్నమాట. పెద్ద ధ్వనులు గేటు దగ్గర ఆగిపోయినా సన్నవి అందులోంచి దూరి వెళ్లిపోతాయి. ఆ దొడ్డిదారి మరీ వెడల్పయితే సన్నధ్వనులే బయటపడి తక్కినదంతా లోపలే ఉండిపోతుంది. అందుకే పక్కన ఒక రెసిస్టర్ కూడా వేసి కొంచెం అదుపు చేస్తారు.

ఆమె చిన్న కండెన్సర్ వేసి, వాల్యూమ్ తగ్గించి, సన్నతీగ లాగి వదిలింది. మెరుపు లేదు. ఇంకొంచెం పెద్దది వేసింది. లేదు. రెసిస్టర్ మింగేస్తోందేమోనని అదీ పీకేసింది. “ఈ స్పాంజి కూడా చచ్చింది,” అని గొణుక్కుంది. కడ్డీ మొన తుడుచుకునే తడి స్పాంజి అది. వేడి కడ్డీ తగిలితే చుయ్‌మనాలి. ఈ మధ్య ఎన్ని స్పాంజీలు మార్చినా చుయ్‌మనడం లేదు. కడ్డీ సరిగా కాలడం లేదేమోనని వేడి పెంచింది. ఇంకా పెద్ద కండెన్సర్ వేసింది. తీగ లాగింది.

అప్పుడు, ఎక్కడో దూరంగా, గోడ అవతల ఎవరో గాజులు సవరించుకున్నట్టు, ఒక్క తళుకు.

టంకమ్మ మొహం విచ్చుకుంది. పలక బిగించి, గిటార్ తుడిచి, కోడలి చేతికి తనే ఇచ్చింది. “ఇదిగో అమ్మాయ్. ఇంత మెరుపు ఇంతవరకూ ఎవరికీ పెట్టలేదు.”

సాయంత్రం హాల్లో కోడలు వాల్యూమ్ తగ్గించి మొదటి తీగ మీటింది. ముందువరుసలో పిల్ల రెండు చెవులూ మూసుకుంది. “టీచర్! గిటార్ గిల్లుతోంది!”

నిజంగానే గిల్లుతోంది. పళ్ల మీద సూది గీసినట్టుంది. అడుగుధ్వనంటూ లేదు, ఉత్త కీచు. ఆ పూటకు గిటార్ లేకుండానే చప్పట్లతో పాడించింది కోడలు. దారి పొడుగునా అత్తగారి మాటే తలుచుకుంది. ‘ఇంత మెరుపు ఎవరికీ పెట్టలేదు’ట. కోపం ఉంటే నాలుగు తిట్టొచ్చుగా, ఈ గిటార్ ఏం చేసింది?

మర్నాడు బేకరీ నుంచి నేరుగా షాపాయన దగ్గరకు వెళ్లింది. “అంకుల్, ఇది ఎలా ఉండేదో అలా చేసెయ్యండి.”

ఆయన మీటి చూసి మొహం చిట్లించాడు. పలక తీసి లోపల చూసి నిట్టూర్చాడు. “మీ అత్తగారి పనే. ఈ టంకం బొట్టు చూస్తే తెలిసిపోతుందిలే, ముత్యంలా ఉంటుంది. కానీ...”

“నా మీద కోపంతో చేశారు,” అంది కోడలు. అన్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి.

షాపాయన ఆశ్చర్యంగా చూశాడు. “నీ ఒక్కదాని గిటారైతే అలాగే అనుకుందాం. ఊళ్లో గిటార్లన్నిటి మీదా కోపమా అక్కకి?” మూలనున్న గిటార్లు చూపించాడు. “అవన్నీ ఆమె దగ్గర్నుంచి వచ్చి, మళ్లీ వెనక్కొచ్చినవే. అన్నీ కీచుమంటున్నాయి. ఇక పంపడం మానేద్దామనుకుంటున్నానమ్మా. ఆ మనిషికి ఎలా చెప్పాలో తెలియక నానుస్తున్నా. ఆ పని లేకపోతే ఆమె ఏమైపోతుందో.”

కోడలు ఆ గిటార్ల వంక చూస్తూ నిలబడిపోయింది. సబ్బు గుర్తొచ్చింది. పాలు గుర్తొచ్చాయి.

“అంకుల్, ఇంకొన్నాళ్లు ఆగండి. ఆవిడకి మీరేం చెప్పొద్దు.” గిటార్ సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి టంకమ్మ కిటికీ వైపు తిరిగి పనిలో ఉంది. గడపలో నిలబడి, ఎప్పటి గొంతుతోనే పిలిచింది కోడలు. “అత్తయ్యా.”

వీపు కదల్లేదు.

టంకమ్మ కడ్డీని స్పాంజి మీద రాసింది. చుయ్‌మంది. గది అవతలి నుంచి కూడా స్పష్టంగా వినిపించింది కోడలికి. చిన్న ఆవిరి కూడా లేచింది.

“దీని దుంపతెగ,” అంది టంకమ్మ తనలో తనే. “ఇది కూడా చుయ్‌మని చావదు.”

కోడలు గిటార్ గోడకు ఆనించింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, కిటికీకీ అత్తగారికీ మధ్యలో దూరి, కింద గొంతుకూర్చుంది. వెలుతురు తన మొహం మీద పడేట్టు ఒక పక్కకు తిరిగింది.

“అత్తయ్యా. నేను మాట్లాడుతున్నాను. వినిపిస్తోందా?”

“ఎందుకు వినిపించదు?” అంది టంకమ్మ ఉలిక్కిపడి. “మొహం మీదకొచ్చి అడిగితే!”

“ఇందాక అక్కడినుంచి పిలిచాను.”

“పిలవలేదు.”

“పిలిచాను. స్పాంజి కూడా చుయ్‌మంది. నేను విన్నాను.”

టంకమ్మ స్పాంజి వంక చూసింది. కడ్డీ ఎత్తి మళ్లీ రాసింది. ఆవిరి లేచింది. కోడలి మొహం చూసింది. కోడలు తల ఊపింది. మళ్లీ రాసింది. కోడలు మళ్లీ ఊపింది.

“నన్ను చెవిటిదంటావా?” అంది చివరికి. “మీ మావయ్య మాట వినిపిస్తుంది. బస్సు వినిపిస్తుంది. తలుపు కొడితే వినిపిస్తుంది!”

“లావు శబ్దాలు వినిపిస్తున్నాయి. సన్నవి పోయాయి. గిటార్లన్నీ...” కోడలికి ఆ మాట పూర్తి చేయబుద్ధి కాలేదు. గిటార్ తెచ్చి ఆంప్‌కు తగిలించి సన్నతీగ మీటింది. తను కళ్లు మూసుకుని మొహం ముడుచుకుంది. ఆ కీచు అలాంటిది. టంకమ్మ గిటార్ కొయ్య మీద అరచెయ్యి పెట్టింది.

“వణుకు తెలుస్తోంది,” అంది. “మెరుపు కొంచెమే.”

“కొంచెం కాదత్తయ్యా. పిల్లలు చెవులు మూసుకున్నారు.”

టంకమ్మ కడ్డీ పక్కన పెట్టేసింది. వాకిట్లో పెద్దాయన దగ్గాడు, ఆ దగ్గు ఆమెకు చక్కగా వినిపించింది. తర్వాత ఆమె అడిగిన మాట చెవుల గురించి కాదు.

“అయితే... ఏడాదిగా నువ్వు నాతో మాట్లాడుతూనే ఉన్నావా?”

“మాట్లాడుతూనే ఉన్నాను.”

“తిట్టలేదూ?”

“ఒక్కసారి తిట్టుకున్నాను. సబ్బు రోజు.”

“ఏ సబ్బు?”

కోడలు చెప్పింది. టంకమ్మ నోరు తెరుచుకుని విని, “డబ్బు అనుకున్నానే!” అని తల బాదుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, ఎక్కడో మధ్యలో ఏడుపులోకి దిగింది. కోడలు ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. “సబ్బుకి జీతం లెక్కడిగానా తల్లీ! నువ్వెలా ఓర్చుకున్నావే!” అంటూ ఆమె ఆ తల నిమురుతూనే ఉంది. గది గుమ్మంలోకి వచ్చిన పెద్దాయన ఆ దృశ్యం చూసి, జీవితంలో మొదటిసారి, గొంతు తగ్గించి అడిగాడు: “ఏమైందే?” ఆ మాట ఆమెకు వినిపించలేదు.

గిటార్ మళ్లీ విప్పారు. ఈసారి చేతులు అత్తవి, చెవులు కోడలివి. టంకమ్మ ఒక్కో కండెన్సర్ అతికి తల ఎత్తేది. కోడలు మీటి, తల అడ్డంగా ఊపేది. ఇంకా చిన్నది. ఇంకా చిన్నది. పక్కన రెసిస్టర్ పెట్టాక కోడలి మొహం తేటపడటం చూసి టంకమ్మ కడ్డీ దించేసింది.

“అదేనా?”

“అదే. వాల్యూమ్ తగ్గించినా అలాగే ఉంది. మల్లెమొగ్గలు రాలినట్టు ఉంది.”

“వాల్యూమ్ తగ్గిస్తే ముందు చచ్చేది మెరుపే అమ్మాయ్. మనుషుల గొంతైనా అంతే. నీ గొంతు ఎవరు తగ్గించారే ఇంతలా?”

“మా అమ్మ.”

“మీ అమ్మ సంగతి నేను చూస్తాలే. ఈ ఇంట్లో నీ ఇష్టం వచ్చినంత గట్టిగా మాట్లాడు. నన్ను తిట్టాలన్నా గట్టిగా తిట్టు. వినపడని తిట్టు దండగ.”

షాపాయన మూలన పడున్న గిటార్లన్నీ ఒక్కొక్కటిగా ఆ బల్ల మీదకు తిరిగొచ్చాయి. సాయంత్రం హాలుకు వెళ్లే ముందు కోడలు వాటి దగ్గర కూర్చునేది. “అక్కా, ఇప్పుడు మీ దగ్గర రెండు జతల చెవులున్నాయి,” అన్నాడు షాపాయన. “ఒక జత అద్దెవి,” అంది టంకమ్మ.

చెవుల డాక్టరు దగ్గరకు కోడలే తీసుకెళ్లింది. డాక్టరమ్మ టంకమ్మను అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఒక గీత చూపించింది. లావు శబ్దాలుండే ఎడమవైపు బాగానే ఉన్న గీత, సన్నవి ఉండే కుడివైపుకు వచ్చేసరికి మెట్లు జారిపడ్డట్టు కిందికి పడిపోయింది. “అంటే నా టోన్ బటన్ ఎవరో సున్నాకి తిప్పేసి వెళ్లిపోయారన్నమాట,” అంది టంకమ్మ. డాక్టరు నవ్వి, తర్వాత నవ్వు ఆపి అడిగింది: “ఎక్కడైనా పెద్ద శబ్దాల మధ్య పనిచేశారా?”

టంకమ్మ చెప్పింది. ప్రెస్సు గురించి, దూది గురించి, సూపర్‌వైజరు నవ్వు గురించి. చెబుతుండగా, ఇన్నేళ్లకు, ఆమెకు కోపం వచ్చింది. “ప్రెస్సు వాళ్ల దగ్గరకెళ్లే మోత మా టేబుల్ దగ్గరకు రాగానే చెప్పులు విడిచి మెల్లగా నడుస్తుందా అమ్మా? మాకెందుకు ఇవ్వలేదు తొడుగులు?” వయసుతో చెవులు మందగించడం వేరు, ఇది వేరు, ఇలా పోయినవి తిరిగి రావు అని చెప్పింది డాక్టరు.

ఆ కోపం ఊరికే చల్లారలేదు. టంకమ్మ కోడలిని వెంటబెట్టుకుని ఒకప్పటి తన టేబుల్ ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. ఒకామె ఇంట్లో టీవీ వీధికంతా వినిపిస్తోంది. ఇంకొకామెకు మనవరాలితో మాటల్లేవు, పిల్ల ‘పొగరుబోతు’ట. మరొకామె నలుగురిలోకి రావడమే మానేసింది. ప్రతి ఇంట్లోనూ ఒక సబ్బు కథ ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాకబు చేస్తే తెలిసింది, ఆ హాల్లో ఇప్పుడు అదే చోట ప్యాకింగ్ టేబుల్ వేశారు, కుర్రపిల్లలు కూర్చుంటున్నారు. ప్రెస్సు మగవాళ్లకు మాత్రం కొత్తరకం తొడుగులు వచ్చాయి. ప్యాకింగ్ పిల్లల చెవుల్లో దూది.

షిఫ్టు విడిచే వేళ ఆ ముసలాళ్లంతా గేటు ముందు నిలబడటం మొదలుపెట్టారు. సూపర్‌వైజరు మారాడు, మాట మారలేదు. “వాళ్లది ప్యాకింగండీ, ప్రెస్సు కాదుగా.” ఒకళ్ల మాట ఒకళ్లకు సరిగా వినపడని ఆ ఆడవాళ్లు ఒకే మాటను ఎంత గట్టిగా అనగలరో ఆయన లెక్కేసుకోలేదు. ఇప్పటికి ప్యాకింగ్ పిల్లలకు చెవిలో పెట్టుకునే స్పాంజి బిరడాలు వచ్చాయి. తొడుగులు ఇంకా రాలేదు. గేటు దగ్గర నిలబడటం ఇంకా ఆగలేదు.

కచేరీలో టంకమ్మ ముందువరుసలో కూర్చుంది. పిల్లల పాటలో సగం ఆమెకు అందలేదు, కోడలి వేళ్లు మాత్రం చూసింది. చివరి పాటకు ముందు కోడలు మైకు దగ్గరకు వచ్చి, “ఈ గిటార్‌కి మెరుపు పెట్టింది మా అత్తయ్య,” అంది. హాలు చివరిదాకా వినిపించేంత గట్టిగా అంది.

తర్వాత ఆమెకు చెవి మిషను అమిరింది. పెట్టుకున్న రోజు ఆమె పాటలు వినలేదు, ఎవరినీ పిలవమనలేదు. బల్ల దగ్గరకు వెళ్లి కడ్డీ కాల్చి, స్పాంజి తడిపి, మొన దాని మీద రాసింది.

చుయ్.

“ఏమండీ!” అని అరిచింది. “స్పాంజి బాగానే ఉందండీ!”

మీరు పనిచేసే చోట, మీకు తెలిసినవాళ్లు పనిచేసే చోట, పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందా? అయితే ఒక్కసారి చుట్టూ చూడండి. చెవి తొడుగులు ఎవరికిచ్చారో, ఎవరికివ్వలేదో చూడండి. తుడిచేవాళ్లకు, మోసేవాళ్లకు, మూల టేబుల్ దగ్గర ‘కూర్చుని చేసేవాళ్లకు’ ఇచ్చారా అని అడగండి. ఒక్కరే అడిగితే నవ్వుతారు, నలుగురు కలిసి అడగండి. ఇంటికి వచ్చాక, మీ మాట పెడచెవిన పెడుతోందని మీరు అలిగి కూర్చున్న పెద్దామె ఎవరైనా ఉంటే, వెనకనుంచి పిలవడం మానేయండి. ఎదురుగా వెళ్లి, వెలుతురు మీ మొహం మీద పడేట్టు కూర్చుని మాట్లాడండి. ఆ తర్వాత చెవుల పరీక్షకు తీసుకెళ్లండి. ఈపాటికే ఆలస్యమై ఉంటుంది, ఈ వారమే తీసుకెళ్లండి.

దయచేసి ఈ మాట పదిమంది చెవినా వేయండి. ఎదురుగా నిలబడి వేయండి.